సర్దుబాటక్క అర్జీ

ఆసుపత్రి నేలమాళిగలో, ఆక్సిజన్ సిలిండర్లు పెట్టే గదిని ఆనుకుని చిన్న గది ఒకటుండేది. కుర్చీ వెనక్కి జరిపితే గోడకు తగిలేది. అందులో ఆమె పద్దెనిమిదేళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా మీటల బోర్డు, గోడకు తనే అట్టమీద రాసి తగిలించుకున్న నంబర్ల పట్టీ. మొదటి ఏడాది దాటాక ఆ పట్టీ వంక ఆమె తలెత్తి చూసింది లేదు. గొంతు వింటే చాలు, అరుస్తున్న మనిషిది ఉత్త కంగారో, నెమ్మదిగా మాట్లాడుతున్న మనిషికి నిజంగా కొంప మునిగిందో పట్టేసేది. ఎవరిని వెంటనే కలపాలి, ఎవరిని రెండు నిమిషాలు ఆపినా ఫరవాలేదు అన్నది ఆమెకు ఎవరూ నేర్పలేదు. అలా వచ్చేసిందంతే.

ఒకరోజు అక్కడ మిషను పెట్టారు. డాక్టరు కావాలంటే ఒకటి నొక్కండి, బిల్లుల కోసం రెండు నొక్కండి అని అది చెప్పడం మొదలుపెట్టిన నెలకి, ఆమె చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపారు. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్ళు.

భర్త లిఫ్టు మెకానిక్కు. నెమ్మదైన మనిషి. ఇద్దరే ఉండే ఆ మూడో అంతస్తు వాటాలో పగలంతా ఒక్కతే కూర్చుని ఆమెకు పిచ్చెక్కినట్టుండేది. కింద ఫోటోకాపీల దుకాణం. మిషను కాగితం కక్కినప్పుడల్లా నేల సన్నగా అదిరేది. అదీ తోడే అనుకునే స్థితికి వచ్చింది.

ఆ రోజుల్లోనే మరిది ఫోను చేశాడు. అతను ప్రోగ్రాములు రాస్తాడు. ఏదో క్రిప్టో నాణెం పనిలో తిరుగుతున్నాడని ఆమె వింది కానీ, అదేమిటో అడగలేదు. దానికి బ్యాంకు ఉండదు, యజమాని ఉండడు, ఆఫీసు ఉండదు, కంప్యూటర్లలో ఉండే డబ్బు అది అని అతనే చెప్పాడు. వేర్వేరు ఊళ్ళలో కూర్చున్న ఓ డెబ్బై ఎనభై మంది దాన్ని బతికిస్తున్నారట. ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి అందరూ కంప్యూటర్లలో కలిసి మాట్లాడుకుంటారట. మాట్లాడుకోవడం అంటే తలో పక్కా లాగడమే.

"వదినా, ఒక్క శనివారం వచ్చి వీళ్ళని లైన్లో పెట్టు. నీకు తప్ప ఇది ఎవరివల్లా కాదు" అన్నాడు.

ఆమె వెళ్ళింది. ఇరవైమంది ఒకేసారి మాట్లాడుతున్నారు. పది నిమిషాలు విని, తర్వాత మైకు తీసుకుని, ముందు మీరు, తర్వాత మీరు, మీది వచ్చేవారం, అని ఒక్కొక్కరినీ పిలిచింది. గంటన్నర పట్టే రభస నలభై నిమిషాల్లో ముగిసింది. మరుసటి శనివారం ఆమె కోసం ఎదురుచూశారు. ఆ మరుసటిది మామూలైపోయింది. వాళ్ళలో ఒకడు వెక్కిరింతకి సర్దుబాటక్క అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. రెండో ఏడు మరిది వేరే ఉద్యోగం చూసుకుని ఆ నాణేన్ని వదిలేశాడు కానీ, ఆమె వదల్లేదు.

ఆమె చేసిన పని ఏమిటంటే ఒక్క మాటలో చెప్పడం కష్టం. గురువారం అందరినీ కదిపి, శనివారం ఏం మాట్లాడాలో జాబితా వేసేది. ఆదివారం కూర్చుని ఎవరేమన్నారో, ఏం తేల్చారో మినిట్స్ రాసి పెట్టేది. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి అడుగు చూపించేది. కోడ్ రాసేవాళ్ళలో గట్టివాళ్ళు ఇద్దరుండేవారు. ఒకడు గడ్డం. ఫోటోలో గడ్డం తప్ప మొహం కనపడదు గనక ఆ పేరు. రెండోవాడు తన పేరు బదులు సున్నా అని సంతకం చేసేవాడు. ఇద్దరికీ ఎప్పుడో మాటామాటా వచ్చి ఎనిమిది నెలలుగా పలకరింపుల్లేవు. ఒకడు రాసింది రెండోవాడు చూసి సరే అంటే గానీ ఏ మార్పూ ముందుకు పోదు. ఆమె ఇద్దరికీ విడివిడిగా ఫోన్లు చేసేది. ఆ ఇంటి మాట ఈ ఇంటికి మోయాల్సినంతే మోసి, మిగతాది కడుపులో పెట్టుకునేది. మార్పు ముందుకు పోయేది. ఎలా పోయిందో ఎవరూ అడిగేవారు కాదు.

కొత్తవాళ్ళలో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరవై ఎనిమిదేళ్ళు. దాచుకున్నదాంట్లో కొంచెం పెట్టి నాణేలు కొన్నాడు. వాటిని తెరిచే పన్నెండు మాటల తాళం కాగితంమీద రాసుకోవడం, ఎక్కడ దాచాలి, ఎవరికి చెప్పకూడదు, ఇవన్నీ ఆమె మూడు వారాలు ఫోనులో కూర్చుని నేర్పింది. ఒకసారి ఎవడో మోసగాడు సాయం చేస్తానని ఆ మాటలు అడిగితే, ఆయన చెప్పబోతూ ఎందుకో ఆగి ఈమెకు ఫోను చేశాడు. అప్పటినుంచి ఆయనకు ఆమె మాట వేదం.

ఇలా మూడేళ్ళు. పైసా లేదు. కావాలని ఆమె అనుకోలేదు కూడా.

తర్వాత భర్త మోకాళ్ళు అరిగిపోయాయి. లిఫ్టు గుంతల్లోకి దిగలేడని కంపెనీవాళ్ళు అతన్ని సామాను గదిలో కూర్చోబెట్టి, జీతం సగం చేశారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అతను ఒకే ఒక్కసారి అడిగాడు.

"నువ్వు చేసేదానికి వాళ్ళేమైనా ఇస్తారా?"

"నేనెప్పుడూ అడగలేదండీ."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగి చూడు."

అందులో దెప్పు లేదు. అది ఉన్నా ఆమెకు బాగుండేదేమో.

ఆ గుంపులో అడగడానికి ఒక పద్ధతి ఉంది. పని చేస్తానన్నవాళ్ళు ఎవరైనా, ఏం చేస్తారో, ఎన్నాళ్ళు చేస్తారో, ఎంత కావాలో రాసి అందరికీ కనిపించే పలకమీద పెట్టాలి. రెండు వారాలు దానిమీద చర్చ. పెద్దగా అభ్యంతరం లేకపోతే చందాకి తెరుస్తారు. ఇష్టమున్నవాళ్ళు తమ నాణేలు వేస్తారు. అరవై రోజుల్లో నిండితే నెలనెలా చేతికిస్తారు. నిండకపోతే గడువు పెంచాలో, మూసెయ్యాలో శనివారం మీటింగులో తేలుస్తారు; మూసేస్తే అప్పటిదాకా వచ్చింది అందరి నిధికి పోతుంది. కోడ్ రాసేవాళ్ళు చాలామంది అలాగే బతుకుతున్నారు. ఆ అర్జీల మీద జరిగిన చర్చలకి మినిట్స్ రాసిందీ ఆమే.

అర్జీ రాయడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. మీటింగులు పెడతాను అని రాస్తే, అదొక పనా అనిపించింది. కొత్తవాళ్ళకి సాయం చేస్తాను అని రాస్తే, ఎవరైనా చేస్తారుగా అనిపించింది. గడ్డాన్నీ సున్నానీ కొట్టుకోకుండా చూస్తాను అన్నది అసలు రాయకూడదు. ఆమె పనిలో సగం జరిగిన సంగతులు కావు, జరగకుండా ఆగినవి. లేనిదాన్ని కాగితం మీద ఎలా చూపించాలి? చివరికి గడ్డమే ఫోను చేసి, గంటల లెక్క రాయమన్నాడు. వారానికి ఇన్ని గంటలు, ఆరునెలలు, అని రాసింది. ఆసుపత్రిలో చివరి నెల తీసుకున్న జీతంలో మూడో వంతు అడిగింది. ఎక్కువ అడిగానేమో అని పంపాక మళ్ళీ తెరిచి చూసుకుంది.

మొదటి రోజు పొగడ్తలే. మీరు లేకపోతే మేం ఎప్పుడో విడిపోయేవాళ్ళం అన్నారు. మా ఇంటి మనిషి అన్నారు. ఆమె ఆ మాటలు భర్తకు చదివి వినిపించింది. అతను విని, బాగుంది అన్నాడు. గంపెడాశ పెట్టుకుంది ఆ రోజు.

మూడో రోజు తూకంరాయి వచ్చాడు. అతనికి ఆ పేరు ఎందుకంటే, ఎవరు ఏం అడిగినా తూచి చూడందే వదలడు. మనిషి చెడ్డవాడు కాదు. కోడ్ అయితే ఎన్ని లైన్లో లెక్కపెట్టొచ్చు, పనిచేస్తోందో లేదో నడిపి చూడొచ్చు, ఈ సర్దుబాటుని ఏ కొలతతో కొలవాలో చెప్పండి అని రాశాడు. ఆమెను ఉద్దేశించి కాదని, నియమం కోసమని కూడా రాశాడు. ఇంకొకాయన, మనది తలకాయ లేని సంస్థ, సర్దేవాళ్ళకి జీతమిస్తే రేపు వాళ్ళే తలకాయ అయి కూర్చుంటారు అన్నాడు. మరొకామె, ప్రేమతో చేసేదానికి ధర కడితే ప్రేమ పోతుందని నాలుగు పేరాలు రాసింది. ఆ రాసినావిడకు ఎక్కడో మంచి ఉద్యోగముంది.

పొగిడినవాళ్ళలో ఒక్కరూ వాళ్ళకి జవాబు చెప్పలేదు. మాటలు కోటలు దాటాయి, కాళ్ళు గడప దాటలేదు. గడ్డం మాత్రం రెండు లైన్లు రాశాడు. అంతలో సున్నా అభిమానులు దిగి, గడ్డం మనిషికి గడ్డమే వత్తాసు అన్నారు. మూడేళ్ళుగా ఏ పక్షానా లేకుండా నడిచిన మనిషి, తనకంటూ ఒకటి అడిగేసరికి ఒక పక్షమైపోయింది.

తూకంరాయికి ఆమె జవాబు రాసింది. రాసి చెరిపి, మళ్ళీ రాసింది. "కొలత నాకూ తెలియదండీ. నేను ఒక నెల మానేస్తే ఏం జరుగుతుందో అదే కొలత. కానీ అలా కొలవడం నాకిష్టం లేదు." దీన్ని కొందరు బెదిరింపు అన్నారు.

ఎలాగో రెండు వారాలు గడిచి అర్జీని చందాకి తెరిచారు. అదే ఉదయం సున్నా అర్జీ కూడా తెరిచారు. నాణెం పంపే వేగం పెంచే పని, ఆమె అడిగినదానికి తొమ్మిదింతలు. ఆమె స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి చూసేసరికి అతనిది నిండిపోయింది. ఆమెదాంట్లో ముగ్గురు వేశారు. సాయంత్రం సున్నా ఫోను చేశాడు.

"మీదీ నిండుతుందిలే అక్కా. కాస్త టైము పడుతుంది."

"నువ్వేమైనా వేశావా నాయనా?"

ఇంకా చేతికి రాలేదక్కా, రాగానే వేస్తాను అన్నాడు. ఆమె గొంతులు తెలిసిన మనిషి. అతను అబద్ధం ఆడటం లేదనీ, వెయ్యడనీ రెండూ తెలిసిపోయాయి.

నెల తిరిగేసరికి మూడో వంతు దగ్గర ఆగింది. రోజూ పొద్దున్న బట్టలు ఆరేసి వచ్చి ఆ అంకె చూసేది. కదిలేది కాదు. తర్వాత నాణెం ధరే పడింది. రెండు వారాల్లో సగమైంది. అర్జీలో అడిగిన మొత్తం మామూలు డబ్బు లెక్కలో ఉంటుంది, వచ్చిన చందా నాణేల్లో ఉంటుంది. అందువల్ల ఎవరూ తియ్యకుండానే మూడో వంతు ఆరో వంతైపోయింది. ధర పడ్డప్పుడు ఎవరికీ చెయ్యి రాదు. ఎవరికి వాళ్ళు తలుపులు బిడాయించుకున్నారు.

అప్పుడే తెలిసింది, చందాలో పెద్ద మొత్తం గడియారాల పెద్దాయనదని. ఆయనే చెప్పాడు, పంపింది సరిగ్గా చేరిందో లేదో కనుక్కోడానికి ఫోను చేసి. తన దగ్గరున్నదాంట్లో సగం వేశాడు. ఎందుకు బాబాయిగారూ ఇంత పని చేశారు అంటే, వెయ్యమనే కదమ్మా అడిగావు అన్నాడు.

అరవయ్యో రోజు దాటాక వచ్చిన శనివారం, జాబితాలో నాలుగో అంశం ఆమె అర్జీ. జాబితా వేసింది ఆమే. భర్త ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. ముందు గదిలో మోకాలికి వేడినీళ్ళ సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి మూడు అంశాలూ నడిపించి ఆమె ఆగింది.

"తర్వాతది నా గురించి. నేను నడపడం బాగుండదు, రాయడమూ బాగుండదు. ఎవరైనా తీసుకుంటారా?"

ఇరవై ముగ్గురున్నారు. అందరి మైకులూ మూసి ఉన్నాయి. కిందనుంచి ఫోటోకాపీ మిషను చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆఖరికి తూకంరాయి నేను నడుపుతాను అన్నాడు. రాసేవాళ్ళు మాత్రం లేరు. ఎవరో నసిగారు.

"మీరు రాసినట్టు మాకు రాదక్కా. ఈ ఒక్కసారికీ రాసేయండి."

రాసింది. తూకంరాయి మర్యాదగానే మాట్లాడాడు. చందా నిండలేదు గనక సభ్యుల అభిప్రాయం తేలిపోయినట్టేనన్నాడు. ఆమె సేవలు అమూల్యం అని ఎవరో అంటే, అదీ రాసింది. గడువు పెంచుదామని గడ్డం అన్నాడు. ఇలాంటి ధరల్లో పెంచి ఏం లాభమని సున్నా పక్షం వాళ్ళు అన్నారు. సున్నా ఏమీ అనలేదు. ఏమీ అనలేదన్నది మినిట్స్‌లో రాయరు. వచ్చిన చందా, నియమం ప్రకారం, అందరి నిధిలో కలపాలన్నారు. అక్కడ ఆమె పెన్ను ఆపింది.

"గడియారాల పెద్దాయన వేసినది ఆయనకి తిరిగి ఇవ్వండి. అదొక్కటే అడుగుతున్నాను."

చందా ఎవరు వేశారో చూడకూడదన్నదే మన నియమం కదా అని నిధి చూసే ముగ్గురిలో ఒకడు అన్నాడు. ఒకరికి ఇస్తే అందరికీ ఇవ్వాలి, అందరూ ఎవరో తెలియదు. చెప్పింది న్యాయమే. ఆమె దాన్నీ రాసింది. 'నాలుగో అంశం: అర్జీ మూసివేయడమైనది. చందా సాధారణ నిధికి.' తన చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా ఉండటం చూసి ఆమెకే వింతగా అనిపించింది.

మీటింగు అయిపోయాక ఒకడు, వచ్చేవారం జాబితా గురువారమే పెడతారా అక్కా, నాది మొదట వెయ్యండి అన్నాడు.

ఆమె ఆదివారం మినిట్స్ శుభ్రంగా ఎక్కించింది. దాని కింద, ఇకనుంచి రాలేనని రెండు లైన్లు రాసింది. నిష్ఠూరం ఏమీ రాయలేదు. అరవై నలుగురు దండం బొమ్మలు, గుండె బొమ్మలు పెట్టారు. భర్త ఆమె పక్కన కూర్చుని, ఇంతమంది పెట్టారే అన్నాడు. ఆమెకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. అతను టీ పెట్టుకొచ్చాడు. చక్కెర మర్చిపోయాడు. ఇద్దరూ అలాగే తాగారు.

వెళ్ళిపోయిన మనిషి విలువ తర్వాత తెలిసిందని చెప్పగలిగితే బాగుండేది. తెలియలేదు. మొదటి శనివారం తొమ్మిదిమంది వచ్చి, జాబితా లేక, ధర గురించి మాట్లాడుకుని వెళ్ళిపోయారు. రెండో నెలలో గడ్డం రాసినదాన్ని సున్నా ఆపాడు. మూడో నెలలో ఒకరినొకరు దొంగ అనుకున్నారు. ఎవరిది వాళ్ళు పట్టుకుని రెండు నాణేలుగా చీలిపోయారు. రెండూ పైకి రాలేదు. ఎందుకిలా అయిందని వాళ్ళు తర్వాత చాలా రాసుకున్నారు. కోడ్‌లో లోపమని కొందరు, మార్కెట్టు బాగాలేదని కొందరు. ఆమె ప్రస్తావన ఎందులోనూ లేదు. గడ్డం ఒకసారి ఫోను చేసి, ఊరికే రా అక్కా, నిన్ను చూస్తే వాళ్ళు ఆగుతారు అన్నాడు. ఊరికే అన్న మాట అతని నోట్లోంచి వచ్చాక అతనికే వినిపించినట్టుంది, ఫోను పెట్టేశాడు.

మూడేళ్ళలో ఎవరెవరో సరదాకి పంపిన చిల్లర నాణేలు ఆమె దగ్గర కొన్ని ఉండేవి. అవన్నీ కలిపి పెద్దాయనకి పంపింది. ఆయన వేసినదాంట్లో అది పావు కూడా కాదు. సాయంత్రంలోగా వెనక్కి వచ్చేశాయి. ఆమె ఫోను చేసింది.

"తీసుకోండి బాబాయిగారూ. మీ డబ్బు నాకు అందనైనా అందలేదు."

"నాకు తెలుసమ్మా. నేను నీకనే వేశాను. అది ఎటు పోయిందో నాకక్కర్లేదు."

ఆయనకు చూపు తగ్గుతోందని, గడియారాల్లో సన్న మరలు కనపడటం లేదని, దుకాణం అద్దెకిచ్చేశానని కూడా అదే ఫోనులో చెప్పాడు.

ఇప్పుడామె రక్తపరీక్షల ల్యాబులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. పేరు రాసుకుని టోకెను ఇవ్వడం, పరగడుపున వచ్చారా అని అడగడం, రిపోర్టు ఎప్పుడొస్తుందో చెప్పడం. పొద్దున్న ఆరున్నరకే వెళ్ళాలి. జీతం తక్కువే అయినా ఒకటో తారీఖున వస్తుంది. అక్కడా గొంతులు వింటుంది. భయపడినవాళ్ళని కాస్త ముందు పంపిద్దామంటే కుదరదు. టోకెను వరస మిషనుదే.

రక్తం తీసే పిల్ల ఒకర్తి, పాతికేళ్ళది, మధ్యాహ్నం డబ్బా విప్పుకుంటూ ఒకరోజు అడిగింది.

"ఆసుపత్రి మానేశాక మూడేళ్ళు ఖాళీగా ఉన్నారా ఆంటీ?"

"లేదమ్మా. కంప్యూటర్లో మీటింగులు పెట్టేదాన్ని."

"ఏ కంపెనీకి?"

"కంపెనీ కాదు. కొంతమందికి."

"మరి జీతం?"

ఆమె చెప్పడానికి చూసింది. నాణెం గురించి మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదు. గడ్డం, సున్నా, అరవై రోజులు, ఇవేవీ ఈ పిల్లకి అర్థమయ్యేవి కావు. అర్థమైనా, విన్నాక అడిగే ప్రశ్న మళ్ళీ అదే.

"ఇవ్వలేదు" అంది.

పిల్ల జాలిగా చూసి, తన డబ్బా కొంచెం ఇటు జరిపింది. తర్వాత తన పెళ్ళిసంబంధం సంగతి ఏదో మొదలుపెట్టింది. ఆమె తలూపుతూ, మధ్యలో అవసరమైనచోట ఊఁ కొడుతూ, చివరిదాకా వింది.